ఎస్పీ-1200 గొప్పదా, ఎంపీసీ గొప్పదా: హిప్‌హాప్ బీట్‌కి ఏ మెషీన్?

హిప్‌హాప్ డ్రమ్ మెషీన్ల మీద వాదన ఎక్కడ మొదలైనా చివరికి రెండు పేర్ల దగ్గరే తేలుతుంది: ఈ-ము ఎస్పీ-1200, అకాయ్ ఎంపీసీ. మధ్యలో ఒకరు ఎన్సోనిక్ ఏఎస్ఆర్-10ని లాక్కొస్తారు. కుర్రాళ్లు రోలాండ్ ఎస్పీ-404 అంటారు. ఇంకొకాయన 808 సంగతేంటని నిలదీస్తాడు. ఆ 808ని ముందే పక్కన పెట్టేద్దాం. 1980లో వచ్చి 1983కల్లా తయారీ ఆగిపోయిన ఆ రోలాండ్ మెషీన్ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము శబ్దం) ఇవాళ్టికీ రోజూ వినిపిస్తూనే ఉంది, కాదనను. కానీ అది శాంప్లర్ కాదు. బయటి శబ్దాన్ని లోపలికి తీసుకోదు, తన సర్క్యూట్లలో పుట్టిన శబ్దాన్నే వాయిస్తుంది. మన చర్చ పాత రికార్డులోంచి ఒక కిక్‌నో, ఫట్‌మని పలికే స్నేర్ డ్రమ్మునో కోసుకొచ్చి (ఆ ముక్కే శాంపిల్), ప్యాడ్ మీద వేలితో కొట్టే పెట్టెల గురించి.

నా అభిప్రాయం దాచుకోను. ఇవాళ మెషీన్ కొనేవాళ్లు సౌండ్ చూసి కొనడం డబ్బు దండగ. పాత మెషీన్ల గరుకుదనాన్ని చాలా దగ్గరగా తెచ్చే ప్లగిన్లు (కంప్యూటర్‌లో వేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు), ఎఫెక్టులు చవగ్గా దొరుకుతున్నాయి. ప్లగిన్‌లో దొరకనిది ఒకటుంది: ఆ మెషీన్ మీద పనిచేసీ చేసీ చేతికి పట్టే అలవాటు. ఏ బటన్ ముందుంది, ఎన్ని సెకన్లు పడుతుంది, ప్యాడ్ ఎంత మెత్తగా ఉంది అనే చిన్న చిన్న సంగతులే చివరికి పాట నడకను తేలుస్తాయి. పోలిక ఆ లెక్కనే చేద్దాం.

పది సెకన్ల మెషీన్

ఎస్పీ-1200 1987లో వచ్చింది. కాలిఫోర్నియాలోని ఈ-ము కంపెనీ అంతకుముందు చేసిన ఎస్పీ-12కి ఇది తమ్ముడు. శబ్దాన్ని దాచే నాణ్యత 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. ఎనిమిది ప్యాడ్లు, వాటిపైన ఎనిమిది స్లైడర్లు, ఒక ఫ్లాపీ డ్రైవ్. మొత్తం శాంప్లింగ్ సమయం 10 సెకన్లు. అందులోనూ ఒక్క శాంపిల్ రెండున్నర సెకన్లు దాటకూడదు. ఈ అంకె చూసి నవ్వొస్తుంది గానీ, న్యూయార్క్ హిప్‌హాప్ ఒక తరం పాటు ఈ ఇరుకులోనే కాపురం చేసింది.

ఒక్క లెక్క చూడండి. 90 బీపీఎంలో, అంటే నిమిషానికి 90 బీట్ల వేగంలో, నాలుగు బీట్ల బార్ ఒకటి 2.67 సెకన్లు. అంటే ఆ వేగంలో ఒక్క బార్ లూప్ (పదేపదే తిప్పే ముక్క) కూడా ఈ మెషీన్‌లో పట్టదు! దీనికి బీట్‌మేకర్లు కనిపెట్టిన ఉపాయం అందరికీ తెలిసిందే. నిమిషానికి 33 చుట్ల వేగంలో తిరగాల్సిన ఎల్పీని 45లో పెట్టి శాంపిల్ చేస్తారు. పాట 1.35 రెట్లు వేగంగా పరుగెత్తుతుంది, అదే బార్ 1.98 సెకన్లలో ముగుస్తుంది. రికార్డయ్యాక మెషీన్‌లో పిచ్ కిందికి దించితే పాత వేగానికి వచ్చేస్తుంది. సమయం మిగిలింది, బాగుంది. అసలు బహుమానం ఆ దించడంలో ఉంది. ఈ మెషీన్ పిచ్ మార్చే పద్ధతి మొరటుది. శబ్దపు అంచుల్ని నున్నగా సరిచేయదు. దాంతో పైస్థాయిలో ఒక లోహపు ఝంకారం, కింద ఒక గరుకుదనం వచ్చి చేరతాయి. స్నేర్ మీద ఇసుక చల్లినట్టుంటుంది. న్యూయార్క్ హిప్‌హాప్ దరువు శైలి 'బూమ్-బ్యాప్' అనుకోగానే చెవిలో మోగేది సరిగ్గా ఆ స్నేరే. స్థలం లేక చేసిన సర్దుబాటు ఒక శైలికి ఆనవాలైపోయింది.

వెనకవైపు ఎనిమిది అవుట్‌పుట్లు కూడా ఒకేలా ఉండవు. మొదటి రెండింటికీ కదిలే అనలాగ్ ఫిల్టర్లు (శబ్దంలో పై స్వరాల పదును తగ్గించేవి), మధ్య నాలుగింటికీ కదలని ఫిల్టర్లు, చివరి రెండింటికీ అసలు ఫిల్టరే లేదు. కాబట్టి కిక్‌ని ఏ అవుట్‌పుట్‌కి పంపామన్నది కూడా మిక్సింగ్ నిర్ణయమే. బొద్దుగా కావాలంటే ఒకటో రెండో, హై-హ్యాట్ తాళాలు మెరవాలంటే ఏడో ఎనిమిదో.

దీన్ని వాడినవాళ్ల పేర్లు చూస్తే అది ఒక బడి హాజరుపట్టీలా ఉంటుంది: పబ్లిక్ ఎనిమీ ర్యాప్ బృందం వెనకున్న నిర్మాతల జట్టు బాంబ్ స్క్వాడ్, అల్ట్రామాగ్నెటిక్ ఎంసీస్‌కి చెందిన సెడ్ జీ, లార్డ్ ఫినెస్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్. లార్జ్ ప్రొఫెసర్‌కి ఈ మెషీన్ నేర్పిన పాల్ సి అనే క్వీన్స్ కుర్రాడు 1989లో హత్యకు గురయ్యాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. అతనికి రావాల్సినంత పేరు ఇప్పటికీ రాలేదని నా బాధ. రికార్డులో కలగలిసి ఉన్న డ్రమ్ముల్ని ముక్కలు చేసి వేరేగా వాయించడం ఎలాగో తర్వాతివాళ్లకు చూపించినవాళ్లలో అతనొకడు. వీళ్లందరికన్నా ముందు మార్లీ మార్ల్ అనే నిర్మాత రికార్డులోంచి ఒక్క స్నేర్‌ని ఊడబెరికి తన సొంత దరువులో పెట్టుకోవచ్చని కనిపెట్టాడు. ఆ ఆలోచనకు సరిగ్గా సరిపోయే ఇల్లు ఎస్పీ-1200 అయింది.

దీని బలహీనత కూడా చెప్పాలి. ప్యాడ్లు చిన్నవి, గట్టివి, బటన్లలాంటివి. దాని మీద వాయించడం కన్నా అమర్చడం తేలిక. పొడవైన మెలోడీ పట్టదు. అందుకే పీట్ రాక్ లాంటివాళ్లు పక్కన అకాయ్ ఎస్950 ర్యాక్ శాంప్లర్ పెట్టుకుని, బేస్‌లైన్లు, హార్న్‌లు అందులో వేసేవారు. ఎస్950 ఫిల్టర్ మూసేస్తే రికార్డులో బేస్ గిటార్ ఒక్కటే మిగిలినట్టు వినిపిస్తుంది. 'ఎస్పీ సౌండ్' అని మురిసిపోయే పాటల్లో సగం ఘనత ఈ రెండో పెట్టెదే. దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎంపీసీ: వేళ్ల కోసం కట్టిన మెషీన్

ఇంటర్‌లో ఎంపీసీ చదివి తలనొప్పి తెచ్చుకున్నవాళ్లు భయపడక్కర్లేదు, ఈ ఎంపీసీ వేరు. దీని కథ రోజర్ లిన్‌తో మొదలవుతుంది. 1980లో ఎల్ఎం-1 పేరుతో అసలైన డ్రమ్ముల శబ్దాలను చిప్పులో పెట్టిన మొదటి డ్రమ్ మెషీన్ చేసింది ఆయనే. ఆ మెషీన్‌లోనే స్వింగ్ (దీని సంగతి కింద చెప్తాను), క్వాంటైజ్ (అటూ ఇటూ పడిన దెబ్బను సరైన చోటికి జరపడం) తెచ్చాడు. 1986లో ఆయన సొంత కంపెనీ మూతపడింది. తర్వాత జపాన్‌కి చెందిన అకాయ్‌తో కలిసి 1988లో ఎంపీసీ60 తెచ్చాడు. 40 కిలోహెర్ట్జ్, 12 బిట్లలో దాచుకునే మెమరీ, సుమారు 13 సెకన్ల శాంప్లింగ్, మెమరీ పెంచుకుంటే 26. ధర 5,000 డాలర్లు. అప్పట్లో అది స్టూడియోలకే తప్ప మామూలు కుర్రాడికి అందే ధర కాదు.

కానీ ఈ మెషీన్‌ని గొప్పది చేసింది స్పెసిఫికేషన్ కాదు, నాలుగు వరుసల్లో నాలుగేసి మెత్తటి రబ్బరు ప్యాడ్లు. ఎంత బలంగా కొడితే అంత బలంగా పలుకుతాయి. దెబ్బను పదేపదే వాయించే నోట్ రిపీట్ బటన్ నొక్కి హై-హ్యాట్ ప్యాడ్ మీద వేలు ఆనిస్తే చాలు, వేలి ఒత్తిడి పెరిగే కొద్దీ హై-హ్యాట్ పెద్దదవుతుంది, తగ్గితే సన్నగిల్లుతుంది, టైమింగ్ మెషీన్ చూసుకుంటుంది. '16 లెవెల్స్' నొక్కితే ఒకే శబ్దం పదహారు ప్యాడ్ల మీద పదహారు పిచ్‌లలోనో పదహారు బలాల్లోనో పరుచుకుంటుంది. ఒక్క బేస్ నోట్ దొరికితే చాలు, దాంతో బేస్‌లైన్ మొత్తం వాయించేయొచ్చు.

ఇక స్వింగ్. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. మెషీన్‌లో స్వింగ్ 50 శాతం అంటే రెండు పదహారో నోట్లు (బీట్‌లో నాలుగో వంతులు) సరిసమానం, అచ్చమైన చతురస్ర నడక. 66.7కి వెళ్తే మొదటిది మూడింట రెండు వంతుల దాకా సాగి, రెండోది మూడో వంతు మీద పడుతుంది. అంటే తిస్రంలో ఒకటి, మూడు అక్షరాల మీద కొట్టినట్టు. ఎంపీసీ బీట్ బతికేది ఈ రెంటి మధ్య ఉన్న సందులో. 90 బీపీఎంలో 50 నుంచి 54కి మారిస్తే రెండో నోటు కదిలేది కేవలం 13 మిల్లీసెకన్లు. చెవి దాన్ని ఆలస్యం అని గుర్తుపట్టదు, తల మాత్రం ఊగడం మొదలవుతుంది. 62కి వెళ్తే సుమారు 40 మిల్లీసెకన్లు, ఇప్పుడు దరువు ఒళ్లు విరుచుకుని నడుస్తున్నట్టుంటుంది. చతురస్రమూ కాదు, తిస్రమూ కాదు. మృదంగ విద్వాంసుడు దీన్ని ఏ గతిలో వేయాలని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

1994లో వచ్చిన ఎంపీసీ3000తో 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో వచ్చాయి. ఇది కూడా లిన్ చేయి పడిందే. డాక్టర్ డ్రే దీన్ని వాడాడు. డెట్రాయిట్‌కి చెందిన జే డిల్లా దీని మీద టైమింగ్‌ని ఒక కొత్త దారి పట్టించాడు. అతను క్వాంటైజ్ ఆపేసి వాయించాడంతే అని అందరూ చెప్పేస్తారు. అది సగం మాటే. అతని బీట్లలో కొన్ని శబ్దాలు గ్రిడ్‌ని (మెషీన్ గీసిన సమాన కాలపు గళ్లని) పట్టుకునే ఉంటాయి, కొన్ని కావాలని ముందుకి తోసినట్టు, కొన్ని వెనక్కి జరిపినట్టు ఉంటాయి. ఒకే బార్‌లో రెండు మూడు రకాల నడకలు ఒరుసుకుంటాయి. ఒక శబ్దాన్ని మిల్లీసెకన్లలో పక్కకి జరిపే సౌకర్యం ఆ మెషీన్‌లో ఉంది కాబట్టే ఆ పని సాగింది. 2006లో అతను చనిపోయాక తల్లి ఆ ఎంపీసీని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల మ్యూజియానికి ఇచ్చింది. ఇప్పుడది అక్కడే ఉంది.

డీజే షాడో 1996లో పూర్తిగా శాంపిళ్లతోనే ఒక ఆల్బమ్ చేసింది ఎంపీసీ60 మీద. డీజే ప్రీమియర్ చిన్న చిన్న ముక్కల్ని ప్యాడ్ల మీద తిరగేసి మరగేసి కొత్త పాట కట్టే పద్ధతికీ ఎంపీసీయే వేదిక. దీనికి కోర్టు తీర్పు కూడా కొంత కారణం. 1991 డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసులో అమెరికా కోర్టు అనుమతి లేకుండా శాంపిల్ చేయడం కుదరదని తేల్చేసింది. పొడుగాటి లూప్ వాడితే లైసెన్స్ ఖర్చు మోత మోగుతుంది. దాంతో లూప్‌ని గుర్తుపట్టలేనంతగా తరిగి వాయించే పద్ధతికి గిరాకీ పెరిగింది. తరిగిన ముక్కల్ని పరుచుకోవడానికి పదహారు ప్యాడ్ల కన్నా మంచి బల్ల ఏముంటుంది?

మిగతావాళ్లు

ఏఎస్ఆర్-10 (1992) అసలు కీబోర్డు. ఆర్‌జడ్‌ఏ, టింబలాండ్, ఆల్కెమిస్ట్, కాన్యే వెస్ట్ దాన్ని వాడారు. శాంపిల్‌ని కీల మీద పరుచుకుని పియానోలా వాయించాలనుకునేవాళ్లకు అదే సరైనది. డ్రమ్ మెషీన్ల పోటీలో మాత్రం దాన్ని నిలబెట్టను. హార్మోనియం, కీబోర్డు అలవాటున్న చేతులు ఎంపీసీ మీద ఇబ్బంది పడుతుంటే ఆ దారి చూడొచ్చు.

రోలాండ్ వరస వేరు. 2001లో బాస్ పేరుతో వచ్చిన ఎస్పీ-303 చవక పెట్టె, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. మ్యాడ్‌లిబ్ చేతిలో పడ్డాక దాని తలరాత మారింది. 2007లో పాత హిందీ సినిమా రికార్డుల్ని తరిగి ఒక ఆల్బమ్ నిండా బీట్లు కట్టింది కూడా ఇతనే. 303లో 'వినైల్ సిమ్' అనే ఎఫెక్ట్ ఉంది. పాత రికార్డు మీద సూది గీతల్ని అనుకరించాలని పెట్టారు. బీట్‌మేకర్లు ఆ గీతల్ని తగ్గించి, దానిలోని కంప్రెషన్‌ని (పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించేదాన్ని) మాత్రం మొత్తం పెంచి, బీట్ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు చేశారు. కావాలని గరుకుగా, మసకగా ఉంచే ఇప్పటి లో-ఫై సంగీతం మొత్తం ఆ ఒక్క నాబ్ మీద నిలబడింది అంటే పెద్ద అతిశయోక్తి కాదు. 2005లో ఎస్పీ-404, 2021లో ఎస్పీ-404ఎంకే2 దాన్నే కొనసాగించాయి.

ఇంకో మాట. 2000ల మొదట్లో నైన్త్ వండర్ అనే నార్త్ కెరొలినా కుర్రాడు ఏ పెట్టే లేకుండా కంప్యూటర్‌లో ఎఫ్ఎల్ స్టూడియోతో బీట్లు చేస్తే పెద్దవాళ్లు ముఖం చిట్లించారు. 2003లో అతని బీట్ పెద్ద ర్యాపర్ జే-జీ ఆల్బమ్‌లోకి వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

నా ఓటు ఎవరికి

సౌండ్‌కైతే ఎస్పీ-1200. దాన్ని మించింది రాలేదు, అనుకరించని కంపెనీ లేదు. కానీ ఐకాన్ అనే కిరీటం ఒక్కరికే ఇవ్వాలంటే ఎంపీసీ60కే ఇస్తాను, 3000కి కాదు. డిల్లా పేరు వల్ల 3000 వైపు మనసు లాగుతుంది, నిజమే. అయినా, ఇవాళ మార్కెట్లో ఏ కంపెనీ బీట్ మెషీన్ చూసినా, ఫోన్‌లో ఏ బీట్ యాప్ తెరిచినా కనిపించేది ఆ నాలుగు బై నాలుగు చదరమే. ఎస్పీ-404 కూడా ఎంకే2 దాకా వచ్చేసరికి పన్నెండు ప్యాడ్లు వదిలి పదహారుకి వచ్చింది. ప్రత్యర్థులు కూడా నీ చేతిరాతలోనే రాస్తుంటే అంతకన్నా గెలుపేముంది? ఎస్పీ అభిమానులు దీనికి ఒప్పుకోరు. వాళ్ల వాదనలో బలముంది: ఎంపీసీ లేకపోయినా ఎవరో ఒకరు పదహారు ప్యాడ్లు పెట్టేవారు, ఆ స్నేర్ మాత్రం ఇంకెవరూ చేయలేకపోయేవారు అంటారు. ఈ వాదనకి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. అయినా ఓటు మార్చను.

మరి మీరు ఏది కొనాలి

పాత ఎస్పీ-1200, ఎంపీసీ60 సెకండ్ హ్యాండ్‌లో చూసి ఆశపడుతున్నారా? ఇండియాలో వాటిని రిపేర్ చేసేవాళ్లు దొరకడమే కష్టం. స్లైడర్లు గరగరలాడతాయి, ప్యాడ్ సెన్సర్లు అరిగిపోతాయి, డిస్‌ప్లే వెలుగు తగ్గిపోతుంది, ఫ్లాపీ డ్రైవ్ మొండికేస్తుంది. పవర్ ఆఫ్ చేస్తే మెమరీలో ఉన్న శాంపిళ్లన్నీ పోతాయి కాబట్టి ఫ్లాపీ పనిచేయకపోతే ఆ పూట పని ఆ పూటే గాలికి. సేకరణ సరదా, చేతిలో డబ్బు రెండూ ఉంటే తప్ప అటు పోవద్దు. ఎస్పీ మీద అంత ప్రేమ ఉంటే, దాన్ని మొదట రూపొందించిన డేవ్ రోసమే 2021లో తన కొత్త కంపెనీ నుంచి మళ్లీ తెచ్చాడు, ఫ్లాపీ బదులు ఎస్‌డీ కార్డుతో. అప్పుడు పెట్టిన ధర మాత్రం 3,999 డాలర్లు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో మంచి సెకండ్ హ్యాండ్ బైక్, దాంతోపాటు మామూలు శాంప్లర్ ఒకటి వస్తాయి.

వేళ్లతో దరువు వేయడం ఇష్టమైనవాళ్లు, అంటే బల్లల మీద, గిన్నెల మీద చిన్నప్పటినుంచి వాయిస్తూ తిట్లు తిన్నవాళ్లు, ఇప్పటి ఎంపీసీల్లో ఒకటి తీసుకోండి. ఎంపీసీ వన్ ప్లస్ చాలు. టచ్‌స్క్రీన్ మీద శాంపిల్ తరగడం సుఖం. ఎంపీసీ60, 3000, ఎస్పీ-1200 సౌండ్‌ని అనుకరించే ఎఫెక్టులు అందులోనే ఉన్నాయి. మన సినిమా పాటల్లోంచి, డప్పు దరువుల్లోంచి శాంపిల్ చేసేవాళ్లు టైమింగ్‌ని పదహారో నోట్ దగ్గరే వదిలేయకుండా బీట్‌ని మూడుగా కోసే ట్రిప్లెట్ గ్రిడ్‌కి మార్చుకోండి. తిస్ర నడక దరువుని మామూలు గ్రిడ్‌లో కూర్చోబెడితే కుంటుతుంది. ఒక్కటే హెచ్చరిక: మెనూలు ఎక్కువ. మొదటి నెల పాట కన్నా మాన్యువల్‌తోనే ఎక్కువ కాలక్షేపం అవుతుంది.

లూప్ పట్టుకుని, ఎఫెక్ట్ తిప్పుతూ, మూడ్ తేవడమే మీ పద్ధతైతే ఎస్పీ-404ఎంకే2. ఆరు పెన్సిల్ సెల్స్‌తోనో పవర్ బ్యాంక్‌తోనో నడుస్తుంది, రైల్లో పై బెర్త్ మీద కూర్చుని బీట్ కట్టొచ్చు. 303, 404ల వినైల్ సిమ్ రెండూ అందులో వేర్వేరుగా ఉన్నాయి. ముందే రికార్డ్ బటన్ నొక్కడం మర్చిపోయినా, ఇప్పుడే వాయించిన చివరి సెకన్లని వెనక్కి లాగి పట్టుకునే స్కిప్-బ్యాక్ ఉంది. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది అదే. అయితే పొడవైన పాటని మొదటినుంచి చివరి దాకా అమర్చాలంటే ఇందులో విసుగొస్తుంది, ఎంపీసీ ముందు ఇది ఆగదు.

ఏదీ తేలకపోతే కొనకండి. కోలా అనే శాంప్లర్ యాప్ ఫోన్‌లో పెట్టుకుని కొన్నాళ్లు వాడి చూడండి. తరగడం మీద చేయి ఎక్కువ పోతోందా, ప్యాడ్లు కొట్టడం మీదా, ఎఫెక్టుల మీదా అన్నది తెలిసిపోతుంది. ఇరుకు రుచి చూడాలనుకుంటే ఒక నియమం పెట్టుకోండి: మొత్తం శాంపిళ్లు 10 సెకన్లు, ఒక్కోటి రెండున్నర సెకన్లు. ఖర్చు లేకుండా ఎస్పీ-1200 నేర్పే పొదుపు అలవాటవుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో బావతోనో పాత మెషీన్ తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి మార్కెట్ కోసం చేసిన పాత పెట్టెలు చాలావరకు 120 వోల్టులవి. మన ఇళ్లలో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందే కొనిపెట్టుకోండి, మెషీన్ వెనక రాసి ఉన్న వోల్టేజీ చదివాకే ప్లగ్ పెట్టండి. కస్టమ్స్‌లో అడిగితే చూపించడానికి బిల్లు కూడా వాళ్లనే తెమ్మనండి.